కోటి దాటిన ఊరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో చాలామందిమి ఇవాళ హైదరాబాదు నుంచే వచ్చాం. అందుకే ఆ మహానగరం గురించి నాలుగు మాటలు చెబుతాను.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వరదకు అడ్డుకట్ట పడింది, ఊరికి తాగునీరూ దొరికింది. ఊరు పెరిగాక ఆ నీళ్లు చాలలేదు. ఇప్పుడు కృష్ణ, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తున్నాయి. 2011 లెక్కల్లో జనాభా సుమారు 77 లక్షలు. ఐక్యరాజ్య సమితి అంచనాల్లో కోటి దాటింది.

ఎందుకిలా? మనం సరదాకు ఊరు విడవలేదు. వ్యవసాయం గిట్టుబాటు కాలేదు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక కొత్త ఉద్యోగాలన్నీ అటే. మంచి కాలేజీ, పెద్దాసుపత్రి కూడా అక్కడే.

ఫలితం? ఎన్నో చెరువులు కాలనీలయ్యాయి, నాలాలు ఇరుకయ్యాయి. 2020 అక్టోబరు వానకు చెరువు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. కష్టం ఎక్కువగా పల్లపు బస్తీలదే.

ఫ్లైఓవర్లు కట్టినంత మాత్రాన ఇది తీరదు. పని కూడా జిల్లాలకు రావాలి. మనలో కంపెనీలు నడిపేవారున్నారు. మన జిల్లా కేంద్రంలో ఇరవైమందికి పనిచ్చే చిన్న ఆఫీసు తెరవగలరేమో ఆలోచించమని మనవి. ఈ బడి పిల్లలకు నగరానికి వెళ్లడం ఒక కోరిక కావాలి గానీ, గత్యంతరం కాకూడదు.

సెలవు.