కొడుకు పేరున కొలువు, కోడలి చేతిన సేవ



గోదావరిఖని నుంచి రామగిరి దాకా బొగ్గుబాయిల్లో పనిచేసినవాళ్ల పిల్లలు ఈ సభలో పట్టాలు అందుకుంటున్నవారిలో ఎందరో ఉన్నారు. మీరు కొలువుల్లో కుదురుకునే నాటికే మీ అమ్మానాన్నలకు మోకాళ్లు మొరాయిస్తాయి, ఆయాసం మొదలవుతుంది. అప్పుడు ఎవరి ఉద్యోగం సాగాలి, ఎవరిది ఆగాలి అన్నది ఇంట్లో ఎవరూ చర్చించరు. ఆడపిల్ల కాబట్టి, కోడలు కాబట్టి అని ముందే తేలిపోయి ఉంటుంది. ఇది ప్రకృతి ధర్మం కాదు, మనం పెట్టుకున్న కట్టుబాటు అని నా వాదన.

ఆ బాయిలు నడిపే సింగరేణి సంస్థలో, కార్మికుడి తర్వాత ఇంట్లోవాళ్లకిచ్చే వారసత్వ ఉద్యోగాలనే చూడండి. బొగ్గు పరిశ్రమ ఆరో జాతీయ వేతన ఒప్పందంలోని 9.3.3 క్లాజు భార్య లేదా భర్తను, కొడుకును, పెళ్లికాని కూతురిని వారసులుగా గుర్తించింది. వాళ్లెవరూ లేకపోతే అల్లుణ్ని కూడా పరిగణించవచ్చంది. పెళ్లయిన కూతురికి మాత్రం ఆ జాబితాలో చోటు ఇవ్వలేదు. అయినా తండ్రికి ఏరియా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించి, మందుల వరుసలో నిలబడాల్సి వస్తే ఫోను ఆ కూతురికే వెళ్తుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కొడుకులతోపాటు కూతుళ్లనూ బాధ్యులను చేసింది, కోడలిని చేయలేదు. చట్టం పేరెత్తని ఆ కోడలే, భర్త రాత్రి షిఫ్టుకు వెళ్లాక, అత్తకు మందు వేసి పక్క మారుస్తుంది. పిల్లల, పెద్దల సంరక్షణలో పాలుపంచుకున్న ఆడవాళ్లు రోజుకు సగటున 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు వెచ్చించారని జాతీయ గణాంక కార్యాలయం 2019 సర్వే తేల్చింది. అసలు పాలుపంచుకున్న మగవాళ్ల శాతమే ఆడవాళ్ల శాతంలో దాదాపు సగం.

మగవాడు బాయి దిగి అలసిపోయి వస్తాడు, సేవకు ఓపికెక్కడిది అంటారు. ఆ అలసట నిజమే. కానీ షిఫ్టు 8 గంటల్లో ముగుస్తుంది, మంచాన పడ్డ మనిషి దగ్గర పనికి ముగింపు లేదు. పైగా 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో ఆడవాళ్లను పగటివేళ భూగర్భ గనుల్లోకి అనుమతించింది. ఇద్దరూ బాయి దిగే ఇంట్లో ఒకరి అలసటే లెక్కకు రావడం న్యాయం కాదు. సేవ ప్రేమతో చేసేది, వాటాలు వేసుకునేది కాదని ఇంకొందరంటారు. ప్రేమే కారణమైతే కన్నకొడుకే ముందుండాలి.

కాబట్టి పెళ్లిమాటల నాడే రెండువైపుల పెద్దల బాగోగులు ఎలా పంచుకుంటారో మాట్లాడుకోండి. అబ్బాయిలూ, నాన్నకు స్నానం చేయించడం, అమ్మకు ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకోండి. అమ్మాయిలూ, ఉద్యోగం మానమని ఎవరైనా అంటే, ఇంట్లో మగవాళ్లు ఎన్ని సెలవులు పెట్టారో ముందు అడగండి. రేపు మీరు అధికారులయ్యాక, తల్లి కోసం సెలవు అడిగిన కార్మికుణ్ని చులకన చేయకండి. ఆ సెలవును ఆడామగా అందరికీ హక్కుగా రాయించండి.