కనబడని నీటితొట్టి

పల్లెలయందున్న పెద్దలకు, అందును పిల్లలు పట్నములలో ఇండ్లు కొనుక్కొన్నవారికి, నేడొక గృహకృత్యమును గూర్చి మనవి చేయదలచితిని. విషయము చిన్నదే. ఇంటి నేలక్రింద దాగియున్న మంచినీటి తొట్టిని వెదకి, తెఱచి, శుభ్రపఱచుట. కాని ఆ పనిలో మా యింట ఒక నిండుప్రాణము పోవలసి తప్పినది. అందుచేతనే చెప్పుచున్నాను.

నేను కర్నూలు మండలమున చాలకాలము తెలుగు పంతులుగా పనిచేసి, విశ్రాంతి పొందిన పిదప హైదరాబాదులోని ప్రగతినగర్‌లో మా కుమారుని యింట నివసించుచున్నాను. అది కూకటుపల్లికి ఆవల, అంబీరు చెఱువు ప్రక్కనున్న పేట. 2019 వఱకు గ్రామపంచాయతీయే; ఆ యేడు నిజాంపేట పురపాలక సంస్థలో చేరినది. ఉదయము హైటెక్ సిటీకి పోవు బండ్ల బారులు చూచినవారు అది నిన్నమొన్నటి పల్లెయని చెప్పిన నమ్మరు.

1908లో మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట, 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును కట్టిరి. తరువాత మంజీర, కృష్ణ, గోదావరి జలములను దూరమునుండి గొట్టములలో తెచ్చిరి. ఇన్ని నదులు నడచి వచ్చినను కుళాయి దినమంతయు పాఱదు. కావున ఇంటింట నేలలో ఒక తొట్టి, మేడపై ఒక తొట్టి. నేలలోనిదానిని సంపు అందురు. గొట్టపునీరు మొదట సంపులో పడును. మోటారు దానిని మేడపైకి ఎక్కించును. మేడపైది కనబడును గనుక ఏటేట కడిగింతురు. సంపు కనబడదు గనుక మఱతురు.

మా కుమారుడు కొన్నది పాత యిల్లు. నిరుడు వానకాలమున నీటికి ఒక విధమైన మురుగువాసన పుట్టినది. మా మనుమరాలు రెండుమారులు వాంతులతో మంచము పట్టినది. మేడపై తొట్టిని కడిగించితిమి. నాలుగు దినములు బాగుండి మరల అదే వాసన. అప్పుడు సంపును చూతమనుకొంటిమి. కాని సంపు ఏది? వెనుకటి యజమాని బండి నిలుపుచోట నేలంతయు గ్రానైటు రాళ్లు పఱపించి, సంపు మూతపైన గూడ పఱపించినాడట. నేల అద్దమువలె నున్నది. మూత జాడ మాత్రము లేదు.

రెండు ఆనవాళ్లతో వెదకితిమి. మోటారునకు నీరు పీల్చు గొట్టము గోడవెంట వచ్చి యొకచోట నిటారుగా నేలలోనికి దిగినది. ఆ గొట్టము చివర, తొట్టి అడుగున, ఫుట్‌వాల్వు ఉండును. అది చెడినప్పుడు చేతికందవలెను గనుక బుద్ధిగల మేస్త్రీ మూతను దానికి దగ్గఱనే పెట్టును. రెండవ ఆనవాలు ధ్వని. సంతలో కుండను వ్రేలితో కొట్టి చూతుము గదా! అట్లే ఇనుపకమ్మితో రాతిరాతిని తట్టుచు పోయితిమి. మన్నుపైనున్న రాయి మొద్దుగా పలికినది. తొట్టిపైనున్నది బోలుగా పలికినది. తొట్టి కప్పంతయు బోలుగానే పలుకును గాన అంతటితో తీఱలేదు. ఆ బోలుధ్వనిలోనే యొక రెండడుగుల చదరమున ధ్వని సన్నబడినది. క్రింద కాంక్రీటు కాక ఇనుపమూత యున్నదన్నమాట. గురులఘువులు విని విని అలవడిన చెవి ఇందుకు గూడ పనికివచ్చునని నేననుకొనలేదు.

అమెరికాలో మోటారుబండినే యిల్లుగా చేసికొని తిరుగువారు గలరట. అట్టి పాతబండ్లు కొన్నిటిలో మంచినీటి తొట్టి మంచముక్రింద పలకలచాటున ఉండుననియు, దానిని అందుకొనుటకు మంచమునే విప్పవలసివచ్చుననియు మా కుమారుడు చెప్పెను. దాచువాడొకడు, తెఱవవలసినవాడు మఱొకడు! మన పూర్వులు నీటివఱకు మనిషి దిగుటకే మెట్లబావులు కట్టిరి. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో అట్టి బావి యొకటి చెత్తతో, మట్టితో పూడి కంటికి మఱుగైపోగా, పూడిక తీసి బాగుచేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెఱచిరి. పోయి చూడదగినది.

ఇక మా సంపు. రాయి పగులగొట్టి, త్రుప్పుపట్టిన మూతను గునపముతో లేపితిమి. చీకటి, చల్లదనము తప్ప పెద్ద వాసన యేమియు రాలేదు. పనికి వచ్చిన కుఱ్ఱవానికి ఇరువదేండ్లుండవు. చొక్కా విప్పి కాలు లోనికి పెట్టెను. నేను వాని చేయి పట్టుకొని, "ఆగు నాయనా, ఇప్పుడే దిగవద్దు" అంటిని. వాడు నవ్వి, "నడుముల మట్టం నీళ్లే గద సార్, గింతదానికి భయమేంది?" అనెను.

నా భయము నీటిని గూర్చి కాదు. మా యూర జొన్నపాతరలుండెడివి. మూత తీసిన దినమున ఎవరును దిగరాదని మా తాతగారి కట్టడి. ఒక యేడు పొరుగూర కూలివాడొకడు తొందరపడి దిగి, కేకయైన వేయక కూలెను. వానిని తీయబోయిన తమ్ముడును వానిపైననే కూలెను. ఇద్దఱిని త్రాళ్లతో పైకి లాగిరి. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. ఆ త్రాళ్లు నేటికిని నా కన్నులయెదుట నున్నవి.

పాతరలో దయ్యమున్నదని కొందఱనిరి. దయ్యము కాదు. గాలిలో నూటికి ఇంచుమించు 21 పాళ్లు ప్రాణవాయువు. మూసిన పాతరలో గింజలు, పురుగులు, బూజు దానిని పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. అది గాలికంటె బరువు గనుక అడుగున నిలుచును. నీటితొట్టిలో గింజలేవి యందురా? కుళ్లిన మడ్డి యున్నది. ఇనుమున్నది, త్రుప్పుపట్టుటయనగా ఇనుము ప్రాణవాయువును తినుటయే. ముక్కు దీనిని కనిపెట్టలేదు. కుళ్లునుండి పుట్టు చెడిన కోడిగ్రుడ్డు వాసనగల వాయువైతే, మిక్కుటమైనప్పుడు ముక్కునే మొద్దుబార్చును. వాసన పోయినదని సంతోషించునప్పుడే మనిషి పడిపోవును.

మా తాతగారు పాతరలోనికి దీపము దింపి చూచెడివారు. దీపమాఱినచో దిగరాదనుట సత్యము. ఆఱకున్నచో దిగవచ్చుననుట సత్యము కాదు. ప్రాణవాయువు 19.5 పాళ్లకంటె తగ్గినప్పుడే మనిషికి అపాయముగా ఎంచుదురు. దీపమో, 17 పాళ్ల దగ్గఱ గూడ వెలుగుచుండును. విషవాయువు నడుమను వెలుగవచ్చును. మండు వాయువున్నచో దీపమే మృత్యువు. తాతగారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు, కాని ఇందు పట్టవలసినదే. మీ యూళ్లలో పాతరలు పోయినను పాడుబావులు, సెప్టిక్ ట్యాంకులు, గోబర్‌గ్యాసు తొట్లు ఉన్నవి. వానికన్నిటికి ఇదే లెక్క.

ఆనాడు పని ఆపివేసితిమి. పిల్లలుండు ఇల్లు గనుక తెఱచిన నోటిపై ఇనుపచువ్వల తడక పఱచి, మోటారుతో నీరు తోడి పాఱబోసితిమి. డీజిలు ఇంజనుతో తోడువారు దానిని తొట్టిలో దింపరాదు. దాని పొగయే చంపును. మఱునాడు గాలిని కొలుచు చిన్న యంత్రముగల పనివారిని పిలిపించితిమి. వారు మోటారునకు విద్యుత్తు తప్పించి, గొట్టముతో అడుగువఱకు మంచిగాలి కొట్టించి, యంత్రమును దింపి కొలిచి, నడుమునకు త్రాడు కట్టి ఒకనిని దింపిరి. ఇద్దఱు పైన నిలిచిరి. లోపలివాడు పడినను పైవారు దిగరాదు, త్రాడే లాగవలెనని వారి నియమము. ఆ అన్నదమ్ములకు ఈ యొక్క మాట చెప్పినవారు లేకపోయిరి. ఈ రెండు దినములు ట్యాంకరు నీళ్లు కొన్నాము. మా కోడలు నా జాగ్రత్తను మెచ్చుకొన్నదో లేదో తెలియదు గాని, ట్యాంకరు లెక్క మాత్రము వ్రాసిపెట్టినది.

అడుగున మూడు వ్రేళ్ల మందమున నల్లని మడ్డి. మూతచుట్టు బీట. వాననీరు, బండి కడిగిన నీరు, చెప్పుల మురికి ఆ బీటలోనుండి మేము త్రాగు నీటిలో కలియుచుండెను. మడ్డి తీసి, గోడలు తోమించి, బీట పూడ్పించితిమి. తొట్టి 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు. 6,800 లీటర్లు పట్టును. నింపి, వేయి లీటర్లకు 150 గ్రాముల చొప్పున, ఒక కిలో బ్లీచింగు పౌడరును బక్కెట్లో కలిపి తేఱిన నీటిని పోయించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచితిమి. ఆ నీరు త్రాగుటకు కాదు. అంతయు పాఱబోసి, మరల కడిగి క్రొత్తనీరు పట్టవలెను. పౌడరు క్రొత్తదై యుండవలెను. పాతబడినది వట్టి సున్నము. దానితో యాసిడు కలుపరాదు, విషవాయువు పుట్టును.

క్రొత్తమూతను నేలకు అరయడుగు ఎత్తున పెట్టించి తాళము వేయించితిమి. బండి అడ్డముగా నున్నదని మా కుమారుడు విసుగుకొనును; విసుగుకొననిమ్ము. ప్రక్కగోడపై, "సంపు ఇచట. తెఱచిన వెంటనే దిగరాదు" అని ఎఱ్ఱరంగుతో వ్రాయించితిని.

ఆ కుఱ్ఱవాడు మొన్న మఱొక పేటనుండి ఫోను చేసెను. "సార్, ఈడ గూడ మూత మీద బండలేసిండ్రు. తీసిన గని దిగలే. మిషనోళ్లు రేపొస్తమన్నరు" అనెను.