మన బాధ మన భాషలో వినే వైద్యుడు

(జహీరాబాద్‌లో విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసుల నుండి వచ్చిన ఒక వైద్యుని గురించి ఈనాడు మాట్లాడుకుందాం. మన రాష్ట్ర సరిహద్దుకు ఆవల, గడ్చిరోలి జిల్లా భామ్రాగఢ్ అడవులలో మాడియా గోండులు నివసిస్తున్నారు. అక్కడి హేమల్‌కసాలో 1973లో బాబా ఆమ్టే లోక్ బిరాదరి ప్రకల్ప్‌ను స్థాపించారు. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకిని మాడియా భాష నేర్చుకొని వైద్యం చేశారు. 1976లో పాఠశాల వెలసింది. అందులో చదివిన మాడియా బాలుడు కన్నా మడావి వైద్యుడై, ఆ జిల్లాలోనే ప్రభుత్వ వైద్యునిగా తన ప్రజలకు సేవ చేశారు.

ఇది ఎందుకు ముఖ్యం? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పుట్టిన ప్రతి వేయి మంది గిరిజన శిశువులలో 57 మంది అయిదేళ్లు నిండకుండానే మరణించేవారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని వర్గాలలో ఆ సంఖ్య సుమారు 39. ఈ అంతరానికి పేదరికం, దూరం కారణాలు. రోగి మాట వైద్యునికి అర్థం కాకపోవడమూ ఒక కారణమే.

ఈ సత్యం మన గడ్డకు కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన తరువాత, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ మొదలైంది. మన పిల్లలకు మనవారే గురువులు కావాలన్నది ఆనాటి ఆలోచన. మన రోగులకు మనవారే వైద్యులు కావాలన్నది నేటి అవసరం.

మన బస్తీల స్త్రీలు తమ బాధను ఉర్దూలో చెప్పుకుంటారు. తండాల స్త్రీలు లంబాడీలో చెప్పుకుంటారు. ఇరువురి ఇబ్బందీ ఒక్కటే. కనుక ఆసుపత్రిలో ఈ రెండు భాషలూ తెలిసిన సిబ్బంది ఉండాలని కలిసి అడుగుదాం. మనవారు వైద్యులైనంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్ల బైపీసీ చదువుతానంటే ఆపవద్దు. 2007 నుండి బీసీ-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. కార్యాలయాలలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాం: కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ముందుగానే దరఖాస్తు చేయండి, పేరులోని అక్షరాలు పదో తరగతి మెమోతో సరిచూసుకోండి. కాగితం లోపం వల్ల ఒక్క సీటు కూడా మన చేజారరాదు.

వైద్యులు కాబోయే బిడ్డలారా, పట్టా చేతికి వచ్చిన నాడు ఈ బస్తీలను, ఆ తండాలను మరువకండి. ఖుదా హాఫిజ్.