పడవలో జనరేటరు

(తల్లిదండ్రుల సమావేశమున మన పాఠశాల ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ యేడు కార్తిక వనభోజనమునకు పై తరగతుల పిల్లలను గౌతమీ నదిపై పడవలో తీసికొని పోవలెనని మీలో అనేకులు కోరియున్నారు. కోరిక సమంజసమైనదే. గోదావరి నీరు త్రాగి పెరుగుచున్న పిల్లలు ఆ నదిని ఒడ్డుమీదినుండి మాత్రమే చూచుట చాలదు. ఎదుర్లంక వంతెన పడకముందు ఆవలి ఒడ్డునకు పంటుపై దాటిన తరము మనది. నేటి పిల్లలు బస్సు కిటికీలోనుండి ఆ నదిని దాటుచున్నారు. కావున విహారమునకు మేము సంతోషముతో అంగీకరించితిమి.

అయితే దానితోపాటు మరియొక కోరికయు వచ్చినది. సాయంకాలము దీపములకును, మైకునకును పాఠశాలలోనున్న పెట్రోలు జనరేటరును పడవలోనికి ఎక్కింపవలెనని కొందరు సూచించిరి. దీనికి మాత్రము మేము వెంటనే అవునని చెప్పలేదు. ఎందుచేత చెప్పలేదో మీ ముందు విన్నవించుట మా విధి. ఈ మాట పాఠశాల విహారమునకు మాత్రమే సంబంధించినది కాదు. మీలో పడవలు గలవారున్నారు, వేటకు పోవువారున్నారు, పెండ్లివారిని నదిపై త్రిప్పువారున్నారు, కరెంటు పోయినపుడు ఇంటివద్ద జనరేటరు నడపువారున్నారు. అందరికిని ఇది అక్కరకు వచ్చును.

యంత్రమును నిందించుట మా ఉద్దేశము కాదు. తీగచుట్టలో అయస్కాంతమును కదలించినచో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపెను. మన జనరేటరులో జరుగునదియు అదియే. త్రిప్పెడి పని పెట్రోలు ఇంజను చేయును. 1996 నవంబరు 6వ తేదీన తుపాను ఈ తీరమును దాటినపుడు కోనసీమయు యానామును ఎట్లు చీకటిపాలైనవో పెద్దలకు జ్ఞాపకముండును. 2022 జూలైలో గోదావరి వరద మన వీధులలోనికి వచ్చినదియు మీరెరుగుదురు. అట్టి దినములలో ఒక చిన్న జనరేటరు ఇంటికి కొండంత అండ. కాని నేలమీద, ఆరుబయట మేలుచేయు ఆ యంత్రమే పడవలో ప్రాణాంతకము కాగలదు. అందుకు కారణములు మూడు: పొగ, ఆవిరి, తడి.

మొదటిది పొగ. ఇంజనులో పెట్రోలు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములో ప్రాణవాయువును మోసికొనిపోవు పదార్థమునకు హిమోగ్లోబిను అని పేరు. ఈ విషవాయువు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో దానిని పట్టుకొనును. పట్టుకొనినది త్వరగా విడువదు. అప్పుడు మనిషి గాలి పీల్చుచునే యుండును, ఒంటికి మాత్రము ప్రాణవాయువు అందదు. ఈ రహస్యమును 19వ శతాబ్ది మధ్యభాగమున క్లాడ్ బెర్నార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బయలుపరచెను. పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 1200 పాళ్లున్నచో తక్షణ ప్రాణాపాయమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. అనగా వెయ్యింట ఒక పాలుకంటె కొంచెము మాత్రమే ఎక్కువ.

దీని లక్షణములు మోసపుచ్చునవి. ముందు తలనొప్పి, తరువాత తల త్రిప్పుట, వికారము, మగత. పడవలో పిల్లవాడు తల తిరుగుచున్నదనినచో మన మేమందుము? పడవ ప్రయాణము పడలేదందుము. నీడను పండుకొనుమని గదిలోనికి పంపుదుము. ఆ గది ప్రక్కనే జనరేటరున్నచో ఏమగునో మీరే ఊహింపుడు. పెద్దలకంటె పిల్లలు వేగముగా ఊపిరి తీయుదురు గనుక విషము వారికి ముందుగా ఎక్కును.

“పడవ నాలుగువైపుల తెరచియున్నది గదా, గాలి ఆడును గదా” అని కొందరు ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము అమెరికాలోని పావెల్ సరస్సులో దొరకును. 2000 ఆగష్టు నెలలో అచ్చట ఇంటిపడవ వెనుక నీటిలో ఈదుచున్న అన్నదమ్ములిద్దరు, చిన్న పిల్లలు, మరణించిరి. ఆ పడవలోని జనరేటరు పొగ వెనుకతట్టు బల్లక్రింద నిలిచియుండెను. పిల్లలు ఆ చోటికి ఈదిపోయిరి. పైన ఆకాశము, చుట్టును నీరు, అయినను ఊపిరాడలేదు. ఆ దుర్ఘటన తరువాతనే అచ్చటి ప్రభుత్వ సంస్థలు పడవలలోని జనరేటరు పొగను గూర్చి లోతుగా పరిశోధించినవి.

మన నదిలో ఇంకొక చిక్కు కలదు. యానాము సముద్రమునకు దగ్గర. ఇచ్చట నీటికి ఆటుపోట్లున్నవి. లంగరు వేసిన పడవ పోటుకు ఒకవైపు, ఆటుకు మరియొకవైపు తిరుగును. గాలి మాత్రము తన దారిని తాను వీచును. మధ్యాహ్నము పొగ నదివైపు పోవుచున్నదని జనరేటరును వెనుకతట్టున పెట్టితిమనుకొనుడు. సాయంకాలమునకు పడవ తిరిగి అదే పొగ పిల్లలమీదికి వచ్చును. నడచుచున్న పడవ వెనుకతట్టున గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగుకొనును. ఎండకు కట్టిన టార్పాలిను దానిని బయటికి పోనీయదు.

రెండవది ఆవిరి. పెట్రోలు ఎంత చల్లని దినముననైనను ఆవిరి యగుచునే యుండును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. నేలమీద ఒలికినచో అది ప్రక్కలకు ప్రాకి గాలిలో చెదరును. పడవకు చుట్టును గోడలున్నవి. ఆవిరి అడుగునకు దిగి, నీరు తోడు చోట, పలకల క్రింద నిలిచియుండును. పైన కూర్చున్నవారికి వాసనయైనను తెలియకపోవచ్చును. ఇంజను నిప్పురవ్వ, వంటపొయ్యి, బీడీ, వీనిలో ఏ యొక్కటియైనను చాలును. వేడి యింజనుపై పెట్రోలు పోయుట మరింత అపాయము. 2018 మే నెలలో దేవీపట్నము సమీపమున గోదావరిపై యాత్రికుల పడవకు నిప్పంటుకొనినది. ప్రయాణికులు ప్రాణములతో బయటపడిరి. నిప్పునకు కారణమేదైనను ఒక్క సంగతి మరువరాదు: ఇంటికి నిప్పంటినచో వీధిలోనికి పరుగెత్తవచ్చును; పడవకు నిప్పంటినచో నీరే వీధి. ఆ నీటిని పెట్రోలు మంటపై చల్లినను లాభము లేదు. పెట్రోలు నీటిపై తేలి మంట వ్యాపించును. పొడితో ఆర్పు సాధనము పడవలో ఉండితీరవలెను.

మూడవది తడి. జనరేటరునుండి వచ్చునది మన ఇంటి కరెంటువలె 230 వోల్టుల విద్యుత్తు. తడిచేతులు, తడికాళ్లు, అతుకులు వేసిన తీగలు, ఉప్పుగాలికి త్రుప్పుపట్టిన ప్లగ్గులు కలసినచోట అది నిముసములో ప్రాణము తీయును. పడవలో పొడిచోటు ఎంతయున్నదో మీకు చెప్పనక్కరలేదు.

ఈ సంగతులన్నియు యంత్రముపై అంటించిన కాగితముననే ఉండును. కాని మేము చూచిన వానిలో అవి ఆంగ్లమున అచ్చువేయబడియున్నవి. యంత్రము నడపువాడు తెలుగు మాత్రమే చదువగలిగినచో ఆ కాగితము వానికి అలంకారము మాత్రమే. అందుచేత మన తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఆ హెచ్చరికలను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించి పాఠశాల జనరేటరుపై అంటించితిమి. కావలసినవారు ఆ ప్రతిని తీసికొని పోవచ్చును. మాతృభాషలో చదువుట వలన కలుగు లాభమునకు ఇంతకంటె చక్కని పాఠము మాకు కనబడలేదు.

ఇక విహారమునకు దీపములు ఎట్లు? ఈ లెక్కను పదవ తరగతి పిల్లలే కట్టిరి. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపములు ఎనిమిది, 72 వాట్లు. చిన్న మైకు పెట్టెకు 40 వాట్లు. మొత్తము 112 వాట్లు. నాలుగు గంటలకు 448 వాట్-గంటలు. ఇన్వర్టరులో కొంత నష్టమగును గనుక సుమారు 530 అనుకొందము. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీలో 1200 వాట్-గంటలుండును. బ్యాటరీ చెడకుండ అందులో సగమే వాడినను 600 దొరకును. అనగా మన ఇండ్లలోనుండు ఒక్క బ్యాటరీ చాలును. పొగ లేదు, పెట్రోలు లేదు, పిల్లల పాటలను మింగివేయు చప్పుడును లేదు. బ్యాటరీని కదలకుండ కట్టి, గాలి తగులు చోట పెట్టి, కొసలపై మూత వేసినచో సరిపోవును.

దూరము పోవు పడవవారికి జనరేటరు తప్పనిసరియైనచో ఈ నియమములను పాటింప వేడుకొనుచున్నాము. యంత్రమును పడవలో మోయుడు గాని పడవలో నడపకుడు. మోయునపుడు ట్యాంకు ఖాళీచేసి, పెట్రోలు కుళాయి కట్టి, నిలువుగా, కదలకుండ, పైభాగమున బంధింపుడు. గదిలోగాని పలకల క్రిందగాని దాచకుడు. పెట్రోలును దానికొరకై చేసిన క్యానులోనే ఉంచుడు; త్రాగునీటి సీసాలో ఎన్నడును పోయకుడు. క్యానును ఒడ్డున నేలమీద పెట్టియే నింపుడు. వాడవలసివచ్చినపుడు యంత్రమును ఒడ్డునకు దింపి, మనుష్యులకును పడవకును కనీసము 20 అడుగుల దూరమున, గాలి మనవైపునుండి దానివైపు వీచునట్లు ఉంచి, అతుకులేని మంచి తీగతో కరెంటు తెచ్చుకొనుడు. ఇంజను చల్లారిన తరువాతనే మరల పెట్రోలు పోయుడు.

ఇంటివద్ద నిలువచేయుటయు ఒక విద్యయే. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చును. నెలల తరబడి ట్యాంకులో విడిచినచో పెట్రోలు చెడి కార్బురేటరు పూడుకొనిపోవును. కావున పని తీరగనే ట్యాంకును, కార్బురేటరును ఖాళీచేసి, ఉప్పుతడి తుడిచి, వరదనీరందని ఎత్తున పెట్టవలెను. నెలకొకమారు కొంచెము క్రొత్త పెట్రోలుతో ఆరుబయట నడపి చూడవలెను. తుపాను రాత్రియైనను వరండాలోగాని కిటికీ క్రిందగాని నడపరాదు. తీగను గోడ సాకెట్టులో దూర్చి ఇల్లంతకు కరెంటు పంపుట మహాదోషము. ఆ విద్యుత్తు వీధి తీగలలోనికి ఎదురెక్కి, మనకొరకే స్తంభమెక్కిన లైనుమనిషిని చంపగలదు. ఎలక్ట్రీషియనుచేత మార్పిడి స్విచ్చి పెట్టించుకొననిదే అట్టిపని చేయరాదు.

ఎవరికైనను జనరేటరు దగ్గర తలనొప్పి, వికారము కలిగినచో కారణము వెదకుచు కాలము గడపకుడు. ముందు వానిని మంచిగాలిలోనికి తెండు, యంత్రమును ఆపుడు, తక్షణమే ఆసుపత్రికి చేర్పుడు. ఒకరికి వచ్చినచో తక్కినవారినిగూడ పరీక్షింపుడు.

పాఠశాల నిర్ణయమిది. మన జనరేటరు పడవ ఎక్కదు. దీపములు బ్యాటరీపై వెలుగును. ప్రతి పిల్లవానికిని లైఫ్ జాకెట్టు ఉండవలెను. లేనిచో పడవ ఒడ్డు విడువదు. పడవవారు తమ సొంత జనరేటరును నడిపెదమన్నచో మేము ఆ పడవను మాటలాడము. ఇందువలన మైకు కొంత చిన్నదగును, దీపములు కొన్ని తగ్గును. కార్తిక మాసమున గౌతమిపై పిల్లలకు చూపవలసినది నదిని, ఆకాశమును గాని విద్యుద్దీపముల తోరణములను కాదని మా అభిప్రాయము. అంగీకార పత్రముపై సంతకము చేయుటకు ముందు ఈ నియమములను మీ పిల్లలచేతనే బిగ్గరగా చదివించి వినుడు. వారు చదువలేని మాట ఒక్కటియున్నను మాకు తెలుపుడు. సరళముగా తిరిగి వ్రాయింతుము.

మీ బిడ్డలను ఉదయము మాకు అప్పగించునపుడు మీరు రసీదు అడుగరు. ఆ నమ్మకమునకు తగినట్లు సాయంకాలము వారిని మీకు అప్పగించుటయే మా కర్తవ్యము.