మాసూమా బేగం రాజకీయ జీవితం - మనకు చెప్పే పాఠం

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడి పంతులును. రోజూ పిల్లల ముందు మాట్లాడేవాణ్ణే గాని, ఇంతమంది పెద్దల ముందు నిలబడే అలవాటు తక్కువ. శాసనసభలో పనిచేసిన ఒకరి జీవితం గురించి చెప్పమని కార్యదర్శి గారు కోరినారు. మన పక్కనున్న మదనపల్లె నుండి 2009లో షాజహాన్ బాషా గారు, 2019లో నవాజ్ బాషా గారు, 2024లో తిరిగి షాజహాన్ బాషా గారు శాసనసభకు ఎన్నికైనారు. ఇది పలమనేరులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. తెలిసిన సంగతి చెప్పడానికి పంతులెందుకు? కావున మనలో చాలామంది పేరు కూడా వినని ఒక తల్లి గురించి చెప్పదలచాను. ఆమె శ్రీమతి మాసూమా బేగం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో కూర్చున్న తొలి ముస్లిం మహిళ.

ఆమెది హైదరాబాదు. ఇరవయ్యవ శతాబ్దం మొదలైనప్పుడే పుట్టింది. ఆమె తాతగారు సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ. ఇమాదుల్ ముల్క్ అనే బిరుదుతో నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖను నడిపిన పండితుడు. తల్లి తయ్యబా బేగం. ఆడపిల్లకు అక్షరం నేర్పితే ఏమవుతుందోనని పెద్దలు భయపడే రోజుల్లో ఆమె మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఏ. పట్టా పొందింది. ముస్లిం స్త్రీలలో తొలి పట్టభద్రురాలని ఆమెకు ప్రసిద్ధి. 1908లో మూసీ నదికి వరద వచ్చి హైదరాబాదు నగరం అతలాకుతలమైనప్పుడు ఇల్లు కదలి వచ్చి సహాయ కార్యక్రమాల్లో పనిచేసిన స్త్రీలలో ఆమె ఒకరు. మాసూమా బేగం తమ్ముడు అలీ యావర్ జంగ్ గారు ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్‌గా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసినారు. బొంబాయిలోని చెవిటివారి జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టినారు.

ఇంతవరకు వింటే మీలో కొందరికి ఒక మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. "మాస్టారూ, వాళ్ళు నవాబుల బిడ్డలు. మా ఇంట్లో పట్టుగూళ్ళు రీలింగు చేస్తే గాని పొయ్యి వెలగదు. ఆ కథ మాకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆమె కథలోనే ఉంది, కాస్త ఓపికగా వినండి.

1907లో హైదరాబాదులో మహబూబియా బాలికల పాఠశాల పెట్టినారు. మాసూమా బేగం ఆ బడిలో చదువుకున్నది. 1922లో ఆమెకు హుస్సేన్ అలీ ఖాన్ గారితో వివాహమైంది. ఉర్దూ మాధ్యమంలో పెద్ద చదువులు చెప్పడానికి 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన ఇంగ్లీషు ఆచార్యులు. చదువు, మంచి సంబంధం, చెప్పుకోదగ్గ వంశం, అన్నీ ఉన్నాయి. ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమె మాత్రం అంజుమన్-ఎ-ఖవాతీన్ అనే స్త్రీల సంఘం పని నెత్తిన వేసుకున్నది. అంజుమన్ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు మనం కూర్చున్నదీ ఒక అంజుమనే. పేద స్త్రీలకు చేతిపని నేర్పడం, చదువు చెప్పించడం, కష్టంలో ఉన్న ఇంటికి పోయి పలకరించడం. పేపర్లో పడే పనులు కావివి. 1920ల నుండి 1952 దాకా, అంటే పాతికేండ్లకు పైగా, ఆమె చేసింది ఇలాంటి పనే.

1952లో దేశంలో మొట్టమొదటి సాధారణ ఎన్నికలు జరిగినాయి. అప్పటికి హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రం. తెలుగు జిల్లాలతోపాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా అందులో ఉండేవి. 175 స్థానాల శాసనసభ. పాతనగరంలోని శాలిబండ నుండి కాంగ్రెసు అభ్యర్థిగా ఆమె నిలబడి గెలిచింది. శాలిబండ ఓటర్లందరూ నవాబులు కారు గదా! గాజులు అమ్మేవారు, కుట్టుపని వారు, బండి తోలేవారు, గోషాలో ఉండే వారి ఇల్లాండ్రు, వీరి ఓటు కూడా పడితేనే గెలుపు. వంశం ఆమెకు బడిని ఇచ్చింది. ఓటును మాత్రం ఇచ్చింది అంజుమన్ పనే అని నా నమ్మకం. ఇందాకటి ప్రశ్నకు ఇదే నా జవాబు. వంశం మన చేతిలో లేదు. అంజుమన్ మన చేతిలో ఉంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మన ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు జరిగినందున 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభ ఎన్నికలు పెట్టినారు. మన చిత్తూరు జిల్లా వారు 1955లో ఎన్నుకున్న సభ్యులు, 1957లో తెలంగాణ వారు ఎన్నుకున్న సభ్యులు, అందరూ కలిసి 301 మంది ఒకే సభలో కూర్చున్నారు. ఆ 1957లో ఆమె పత్తర్‌గట్టి నుండి గెలిచి, శాసనసభా కాంగ్రెసు పక్షానికి ఉపనాయకురాలైంది. అనగా మన పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రతినిధులు కూర్చున్న సభలోనే ఆమె కూడా కూర్చున్నది. కాబట్టి ఆమె పరాయి ఊరి మనిషి కాదు, మన రాష్ట్ర శాసనసభ సభ్యురాలు.

1960 జనవరిలో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయినారు. ఈ దేశంలో ముఖ్యమంత్రి పీఠం ఎక్కిన తొలి దళితుడు ఆయనే. కర్నూలు జిల్లాలో పేద ఇంట పుట్టి, చదువు పట్టుకుని పైకొచ్చిన మనిషి. ఆయన మంత్రివర్గంలో మాసూమా బేగం గారు సాంఘిక సంక్షేమ మంత్రి. పేద దళితుని కొడుకు ముఖ్యమంత్రి, ముస్లిం ఇంటి ఆడబిడ్డ మంత్రి! ఆనాటికి ఇది మామూలు సంగతి కాదు. నేటి మన పిల్లలకు ఈ రెండు పేర్లు ఒకే పాఠంలో చెప్పాలని నాకు ఆశ.

1962 ఎన్నికల్లో అదే పత్తర్‌గట్టిలో ఆమె ఓడిపోయినారు. గెలిచింది మజ్లిస్ నాయకులు సలాహుద్దీన్ ఒవైసీ గారు. ఆయన శాసనసభ ప్రవేశం ఆ గెలుపుతోనే. ఏ పార్టీ మంచిది, ఏది కాదు అనే చర్చ ఈ సభకు వద్దు. ఓడిన తరువాత ఆమె ఏం చేసినారన్నది మనకు కావలసింది. కుర్చీ పోతే మంచం పట్టేవారు రాజకీయాల్లో చాలామంది ఉంటారు. ఆమె మళ్ళీ సంఘం పనికే వచ్చినారు. ఆ రోజుల్లోనే అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలుగా కూడా ఉన్నారు. 1974లో, అంటే ఓడిన 12 ఏండ్లకు, భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. పదవి పదేండ్లు, మంత్రిగిరీ రెండేండ్లు, సేవ మాత్రం జీవితమంతా. లెక్కల మాస్టారు కాకపోయినా ఈ లెక్క నేను చేయగలను.

అఖిల భారత మహిళా సభ అన్నాను గదా, దాని వేరు ఎక్కడుందో తెలుసునా? పుంగనూరు మీదుగా బస్సెక్కి పోతే వచ్చే మదనపల్లెలో! ఐర్లండు నుండి వచ్చిన మార్గరెట్ కజిన్స్ అనే దొరసాని, ఆమె భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాల దగ్గర ఉండేవారు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడికి వచ్చి జనగణమన పాటను ఇంగ్లీషులోకి మార్చినారనీ, దాని స్వరాన్ని ఈమె రాసిపెట్టినారనీ మన బడిపిల్లలు చదువుకుంటారు. అంతకంటె పెద్ద పని మరొకటి ఆమె చేసినారు. 1917 డిసెంబరులో మద్రాసుకు వచ్చిన భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, మగవారితో సమానంగా ఆడవారికి ఓటు కావాలని అడిగిన స్త్రీల బృందాన్ని కూడగట్టింది ఈమే. 1921లో మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవారికే అనే షరతు ఉన్నా, మన చిత్తూరు జిల్లా ఆడవారికి ఓటు అనే మాట అప్పుడే తెలిసింది. అదే కజిన్స్ పూనికతో 1927లో పూనాలో మహిళా సభ మొదటి సమావేశం జరిగింది. మదనపల్లెలో ఉన్న ఒక స్త్రీ నాటిన చెట్టు కింద హైదరాబాదు ముస్లిం స్త్రీ అధ్యక్షురాలుగా కూర్చున్నది. దూరం అనుకున్నది ఎంత దగ్గరో చూడండి.

ఇక అసలు చెప్పదలచిన మాటకు వస్తాను. 1951లో మొదటి ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఒక చిత్రం జరిగింది. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవారు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించినారు. పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు పట్టుబట్టినారు. గడువు ఇచ్చినా పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఆ జాబితాలో చోటు పోగొట్టుకున్నారు. ఆ ఎన్నికల్లోనే మాసూమా బేగం తన పేరుతో నిలబడి గెలిచింది. బడి రిజిస్టరులో పేరు, సంఘం పుస్తకంలో పేరు, ఓటర్ల జాబితాలో పేరు, బ్యాలెట్టు మీద పేరు, చివరికి మంత్రుల పట్టికలో పేరు. ఆమె రాజకీయ జీవితమంతా ఇదే. మొదటి మెట్టు లేకుండా చివరి మెట్టు లేదు.

మన దగ్గర ఈ పేరు గతి ఎట్లా ఉంది? పంతులుగా నేను చూసేది చెబుతాను. బడిలో చేర్చేటప్పుడు ఆడపిల్ల పేరు ఒక రకం, ఆధారు కార్డులో ఒక రకం, రేషను కార్డులో మరో రకం. ఒకచోట బేగం ఉంటుంది, ఒకచోట బీ ఉంటుంది, ఒకచోట ఇంటిపేరు ముందుకొస్తుంది. కొడుకు పేరు మాత్రం మూడుచోట్లా ఒక్కలాగే ఉంటుంది, వానికి రేపు ఉద్యోగం కావాలి గనుక! పదవ తరగతి దరఖాస్తు నింపేనాడు, స్కాలర్‌షిప్ అడిగేనాడు ఈ తేడా బయటపడుతుంది. ఆఫీసుల చుట్టూ తిరగలేక "ఇంక చాల్లే అమ్మా, ఎటూ పెళ్ళి చేయాల్సిందే" అని ఇంట్లో కూర్చోబెడతారు. అల్లరి చేయదు, ఏడవదు, ఒకనాటి నుండి బడికి రాదు. అంతే. తెలివైన పిల్లల పేర్లు అట్లా హాజరు పట్టీలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూసినాను. ఆ పిల్లల్లో ఒక మాసూమా ఉన్నదో లేదో ఎవరు చెప్పగలరు?

పోతే మన సంఘం సంగతి. సభ్యుల పుస్తకం తిరగేసినాను. కుటుంబానికి ఒక పేరు, అది ఇంటి యజమాని పేరు. చందా ఇచ్చేటప్పుడు పోపుడబ్బా నుండి తీసిచ్చిన చేయి ఎవరిది? ఈ రోజు బిర్యానీకి తెల్లవారుజాము నుండి ఉల్లిపాయలు తరిగిన చేయి ఎవరిది? ఆ చేతుల పేర్లు మన పుస్తకంలో లేవు. పెద్దలను నొప్పించాలని కాదు, మన ఇంటి మాట మనమే చెప్పుకోవాలి గనుక చెబుతున్నాను.

కావున మూడు మనవులు.

ఒకటి. ఈ ఏడు బడులు తెరిచేలోగా ప్రతి ఇంట్లో ఆడపిల్ల కాగితాలన్నీ ఒకచోట పెట్టి పేరు సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. రాయడం రానివారికి నేనూ, నా తోటి ఉపాధ్యాయులూ ఆదివారం పూట కూర్చుని రాసిపెడతాము.

రెండు. 18 ఏండ్లు నిండిన ప్రతి ఆడబిడ్డ చేత ఫారం 6 నింపించండి. కోడలిగా వచ్చిన అమ్మాయి పుట్టింట్లో ఓటు పోగొట్టుకుని, అత్తింట్లో రాయించుకోక, రెండిటికీ చెడకూడదు.

మూడు. సంఘంలో స్త్రీలను వారి వారి పేర్లతో సభ్యులుగా చేర్చుకోవాలని తీర్మానం చేయండి. వారిలో ఇద్దరు ముగ్గురికి ఆడపిల్లల చదువు పని అప్పజెప్పండి, దానికైన లెక్క కూడా వారినే రాయనివ్వండి.

ఇదంతా అయ్యే పనేనా అని కొందరనుకోవచ్చు. మన పొరుగునున్న రాయచోటికి చెందిన జకియా ఖానం గారు 2021లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఉపాధ్యక్షురాలైనారు. పంచాయతీల్లో మన రాష్ట్రంలో సగం స్థానాలు స్త్రీలవి. శాసనసభలో మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇవ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ కూడా చేసినారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల విభజన జరిగిన తరువాత అమలు చేయాలని అందులో ఉంది. తలుపు తెరుచుకునే రోజు వస్తుంది. ఆనాడు పలమనేరు నుండి, మదనపల్లె నుండి చదువుకున్న ఆడబిడ్డ ఎవరని అడిగితే మనం తలలు గోక్కోకూడదు. ముప్పై ఏండ్ల ముందు నుండి సంఘం పని చేస్తేనే మాసూమా బేగం అయినారు. ఆ ముప్పై ఏండ్ల లెక్క మనం ఈ రోజు మొదలుపెట్టినా తొందరపడినట్లు కాదు.

తెర అవతల నున్న తల్లులారా, ఇండ్లకు పోయిన తరువాత మీ వారిని అడగండి, "సంఘం పుస్తకంలో నా పేరేమని రాయిస్తావు?" అని. పురుషుల వైపు నుండి జవాబు ఏమొస్తుందో వచ్చే ఏడాది సభలో విందాము.