బడిలో నవ్వులపాలైన బిడ్డ పక్కన ఎవరు నిలబడాలి?

(కార్మికుల పిల్లల చదువులపై సోలాపూర్‌లో జరిగిన కుటుంబ సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మనం కూడినప్పుడల్లా బోనస్ సంగతి, ప్రావిడెంట్ ఫండ్ సంగతి, కూలి రేట్ల సంగతి మాట్లాడుకుంటాం. ఈసారి టవళ్ళ కుట్టుపనిలో ఉన్న అక్కలు పట్టుబట్టారు. "పిల్లలు బడికి పోమని మొండికేస్తున్నారు, కారణం అడిగితే చెప్పరు, దీని మీద ఒకరోజు మాట్లాడండి" అన్నారు. "ఇది యూనియన్ చేయాల్సిన పనేనా?" అని కమిటీలోనే ఒకరిద్దరు సందేహపడ్డారు. చేయాల్సిన పనే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

1988లో, పద్దెనిమిదేళ్ళ వయసులో నేను ఒక నూలు మిల్లులో బద్లీ కార్మికుడిగా చేరాను. రింగ్ ఫ్రేముల ఖాతాలో డాఫింగ్ పని. నాతోపాటు చేరిన ఒకతనికి నత్తి. జాబర్ రోజూ షిఫ్ట్ మొదట్లో అందరి ముందూ అతణ్ణి పేరు చెప్పమనేవాడు. అతను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. ఖాతా అంతా నవ్వేది. నేనూ నవ్వాను. నవ్వకపోతే రేపు నా వంతు వస్తుందేమోనన్న భయంతో నవ్వాను. నెల రోజులు ఇలాగే నడిచింది. ఒకరోజు ఒక పెద్దాయన, యూనియన్ మనిషి, తన ఫ్రేము వదిలి వచ్చి ఆ కుర్రవాడి పక్కన నిలబడ్డాడు. "పని తప్పైతే చెప్పండి సాబ్, మాట తడబడితే మీకేం పోయింది?" అన్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. జాబర్ మంచివాడైపోలేదు. నవ్వేవాళ్ళు లేకపోయేసరికి అతనికి ఆ ఆటలో రుచి పోయింది, అంతే.

యూనియన్ అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఆ రోజే. ఇంత తెలిసినవాణ్ణి, నా ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలుసుకోలేకపోయాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

2006 నాటికి మిల్లు మూతపడి నేను సాంచాల మీద పని చేస్తున్నాను. నా కొడుకు ఏడో తరగతి. బడి నుంచి రమ్మని కబురు వచ్చింది. మావాణ్ణి ఎవరో కొట్టి ఉంటారని ఆవేశంగా పోయాను. మాస్టారు చెప్పింది వేరు. మావాడే నలుగురిని వెంటేసుకుని ఒక పిల్లవాణ్ణి ఏడాదిగా ఏడిపిస్తున్నాడట. ఆ పిల్లవాడి కుటుంబం సాంచాల షెడ్డులోనే ఒక మూల కాపురముండేది. బట్టలకు మిషన్ నూనె వాసన పట్టేది. మావాడు అతనికి 'నూనె డబ్బా' అని పేరు పెట్టాడు. అతను తరగతిలోకి రాగానే అందరూ ముక్కు మూసుకోవాలి. అదీ వీళ్ళ ఆట.

ఇంటికొచ్చి మావాణ్ణి చావబాదాను. అది నా రెండో తప్పు. మొదటి తప్పు ఏమిటో నా భార్య చెప్పింది. "రోజూ రాత్రి అన్నం దగ్గర కొత్త హెల్పర్ల నడక, మాట చేసి చూపించి నవ్వించేది నువ్వే కదా? ఆ నూనె డబ్బా అన్న పేరు కూడా నీ నోట విన్నదే" అంది. నాకు జవాబు లేదు.

మర్నాడు కొడుకును తీసుకుని ఆ షెడ్డుకు పోయాను. ఆ పిల్లవాడు కండెల మిషన్ ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. తల ఎత్తలేదు. "వాడిక బడికి పోనంటున్నాడన్నా, ఇక్కడే నయమట" అంది తల్లి. మావాడు తప్పయిందన్నాడు. నేనూ చేతులు పట్టుకున్నాను. మాస్టారు రెండుసార్లు వెళ్ళి పిలిచారు. పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు. ఇప్పుడు అతను సాంచాల మీదే ఉన్నాడు. కనిపిస్తే "బాగున్నారా కాకా" అంటాడు. యూనియన్‌లో చేరమని ఊరంతా అడిగే నాకు, అతణ్ణి అడగడానికి ఇప్పటికీ నోరు రాదు.

మిత్రులారా, పిల్లలన్నాక ఆటపట్టించుకోవడం ఉంటుంది. ఇద్దరు సమఉజ్జీలు ఒకరినొకరు ఏడిపించుకుంటే అది ఆట. ఎదురు చెప్పలేని ఒకరిని, బాధపెట్టాలనే, మళ్ళీ మళ్ళీ ఏడిపిస్తే అది వేధింపు. ఈ తేడాను శాస్త్రీయంగా వివరించినవాడు డాన్ ఓల్వేయస్ అనే పరిశోధకుడు. 1982లో నార్వే దేశంలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపే అందుకు కారణమై ఉండవచ్చని తెలిసి దేశం ఉలిక్కిపడింది. 1983లో ప్రభుత్వం బడులన్నిటా ఉద్యమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లల మీద ఓల్వేయస్ పరిశీలన జరిపాడు. తరగతిలో స్పష్టమైన నియమాలు, విరామ సమయంలో పెద్దల కన్ను, పిల్లలతో వారం వారం మాటామంతీ, ఏడిపించినవాడి తల్లిదండ్రులతోనూ ముఖాముఖి. ఇవే చేశారు. రెండేళ్ళలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి.

ఆ తర్వాత ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వారు మరో అడుగు వేశారు. ఏడిపించేవాడి కంటే చుట్టూ నిలబడి చూసే పిల్లల మీద ఎక్కువ దృష్టి పెట్టారు. నవ్వకండి, బాధపడినవాడి పక్కన కూర్చోండి, పెద్దలకు చెప్పండి అని నేర్పించారు. 2009 నుండి ఆ పద్ధతి దేశమంతటా బడుల్లోకి వెళ్ళింది. మా ఖాతాలో ఆ పెద్దాయన చేసింది కూడా ఇదే కదా!

ఇది ఎక్కడో ఒకచోట ఉన్న సమస్య కాదు. 2019లో యునెస్కో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెల రోజుల్లో ఒక్కసారైనా తోటి పిల్లల వేధింపుకు గురయ్యారు. మన పిల్లలకైతే కారణాలు ఇంకొన్ని ఎక్కువ. ఇక్కడ మరాఠీలో యాస దొర్లితే తెలుగువాడని నవ్వుతారు. దసరాకు ఊరికి పోతే తెలుగులో మరాఠీ మాట దొర్లిందని అక్కడి పిల్లలు నవ్వుతారు. పోనీ, మనం మాత్రం తక్కువ తిన్నామా? మన పిల్లలు కులం పేరు పెట్టి, రంగు పేరు పెట్టి ఇతరుల పిల్లలను అనడం లేదా? డాక్టర్ అంబేద్కర్ సాతారాలో బడికి పోయిన రోజుల్లో తరగతిలో విడిగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవలసి వచ్చింది. దాహమైతే నౌకరు వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్ళు. అంత చదువు చదివి, అంత ఎత్తుకు ఎదిగాక కూడా ఆయన ఆ గోనెపట్టాను మరవలేదు, తానే రాసుకున్నారు. చిన్నప్పటి అవమానం అంత లోతుగా దిగుతుంది.

మరి మనం ఏం చేయాలి?

మొదటిది, గుర్తుపట్టడం. సాంచా మీద ఒక పోగు తెగిందనుకోండి. అప్పుడే ఆపితే చిన్న ముడితో సరిపోతుంది. చూడకుండా వదిలేస్తే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. పొద్దున బడి వేళకే కడుపునొప్పి, తరచు చిరిగే చొక్కా, పోతున్న పెన్నులు, తినకుండా తిరిగొచ్చే డబ్బా, ఫోన్ మోగితే భయం – ఇవి తెగిన పోగులు. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగే ముందు "ఈ రోజు ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడగండి. జవాబులో చాలా తెలుస్తుంది.

రెండోది, బిడ్డ నోరు తెరిచి చెప్పినప్పుడు "నువ్వూ కొట్టు" అనకండి, "పట్టించుకోకు" అని తోసేయకండి. "తప్పు నీది కాదు, చెప్పి మంచి పని చేశావు, రేపు నేను బడికి వస్తాను" అనండి. ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టుకుని ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. మీ బిడ్డే ఏడిపించేవాడని తెలిస్తే నాలాగా బెల్టు తీయకండి. దెబ్బ తిన్నవాడు తనకంటే చిన్నవాణ్ణి వెతుక్కుంటాడు. జరిగిన నష్టాన్ని వాడి చేతనే సరిదిద్దించండి.

మూడోది, ఎదుటివాడి బాధ తెలిసేలా పెంచడం. కెనడాలోని టొరంటోలో 1996లో మేరీ గోర్డన్ అనే ఉపాధ్యాయురాలు ఒక పద్ధతి మొదలుపెట్టారు. నెలల పసిబిడ్డను తల్లితో సహా తరగతికి రప్పించి దుప్పటి మీద పడుకోబెడతారు. పిల్లలు చుట్టూ కూర్చుని బిడ్డ ఎందుకు ఏడుస్తోంది, దేనికి నవ్వుతోంది అని ఆలోచించాలి. మన ఇళ్ళలో పసిబిడ్డలకు కొదవేముంది? "చెల్లి ఎందుకు ఏడుస్తోందో చూసి చెప్పు" అని పెద్దవాణ్ణి అడగండి. అన్నం దగ్గర తోటి మనిషిని వెక్కిరించి మాట్లాడకండి. పిల్లల చెవులు మనకంటే చురుకు.

నాలుగోది, ఆత్మగౌరవం. "దద్దమ్మా, పక్కింటివాణ్ణి చూసి నేర్చుకో" అన్న మాట ఇంట్లో రోజూ వినే బిడ్డ బడిలో ఎవరేమన్నా నిజమేననుకుంటాడు. వాడికి చేతనైన పని ఒకటి అప్పగించి, చేశాక బాగుందని అనండి. మన వృత్తి గురించి సిగ్గుపడకుండా చెప్పండి. సోలాపూర్ చద్దరుకూ టవలుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. దాన్ని నేసేది మీ అమ్మానాన్నలేనని పిల్లలకు తెలియాలి. మా నాన్న నేసిన టవలు ఇది అని తలెత్తి చెప్పే బిడ్డకు ఎవరైనా పేరు పెట్టినా అది అతుక్కోదు.

అయిదోది, హక్కు వాడుకోవడం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే ఉండాలి. ఆ కుర్చీలు మనవి. మనం పోకపోతే ఖాళీగా ఉంటాయి, లేదా ఇంకెవరో కూర్చుంటారు. బిడ్డ ఆపదలో ఉంటే 1098కి, బిడ్డ మనసు బాగా కుంగిపోతే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయండి. ఖర్చు లేదు.

ఈ రోజు సమావేశం అయ్యాక, తమ పిల్లల బడి కమిటీలో కూర్చోవడానికి సిద్ధపడే అమ్మానాన్నలు మన ఆఫీసులో పేర్లు రాయించండి. కమిటీ రోజున షిఫ్ట్ మార్పించే బాధ్యత యూనియన్ తీసుకుంటుంది. ఇంటికి పోయాక పిల్లలకు ఒక్క మాట చెప్పండి: "నలుగురు ఒకరిని చూసి నవ్వుతుంటే నువ్వు నవ్వకు, పోయి వాడి పక్కన కూర్చో." మనం మిల్లు గేటు దగ్గర నేర్చుకున్నది ఇదే. మా పెద్దాయన నాకు నేర్పాడు. నేను నా కొడుక్కి సమయానికి నేర్పలేదు. మీరు ఆలస్యం చేయకండి.