చూచినవారి లెక్క

రేడియోలో ప్రసంగించువానికి ఒక చిక్కు కలదు. తన మాట ఎన్ని ఇండ్లకు చేరినదో వానికి తెలియదు. ప్రసారకేంద్రమున బయలుదేరిన తరంగము ఇంటికి పోవునే గాని, ఇంటి నుండి కబురు తీసికొని తిరిగి రాదు. అందుచేతనే అమెరికాలో నీల్సన్ సంస్థ 1942లో ఆడీమీటరు అను యంత్రమును కొన్ని ఇండ్ల రేడియోలకు తగిలించి, ఏ వేళ ఏ స్టేషను పలికినదో నమోదు చేసి, ఆ కొద్ది ఇండ్లను బట్టి దేశమంతటిని అంచనా కట్టినది. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచుట వంటిదే ఈ పని.

ఇంటర్నెట్టు ద్వారా చిత్రములను ఇంటికి పంపు స్ట్రీమింగు సంస్థల సంగతి వేరు. ఎవరి ఖాతాలో చిత్రము ఎప్పుడు మొదలైనదో, ఎన్నవ నిమిషమున ఆగినదో ఎప్పటికప్పుడు సంస్థకు తెలియుచునే యుండును. కుండలోని ప్రతి మెతుకును వారి లెక్కలోనిదే. అయినను ఎందరు చూచిరని అడిగినచో సమాధానము సులభము కాదు. ఏలయన, చూచుట యన నేమో ముందు నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము లెక్కల పుస్తకము చేతనున్నవారిదే.

నెట్‌ఫ్లిక్స్ సంస్థనే తీసికొందము. 2019లో అది ప్రకటించిన అంకెలలో, ఒక చిత్రమును గాని, ధారావాహికలో ఒక భాగమును గాని 70 శాతము చూచిన గృహమునే లెక్కించెడిది. 2020 జనవరిలో ఆ నియమము మారినది. రెండు నిమిషములు చూచిన చాలునన్నారు. కోరి ఎంచుకొన్నారనుటకు అంత కాలము సరిపోవునని వారి వాదము. ఇందువలన అంకెలు సగటున సుమారు 35 శాతము పెరుగునని సంస్థయే చెప్పినది. గుమ్మములో తొంగిచూచి పోయినవానిని కూడ విందారగించినవారి పంక్తిలో చేర్చినట్లు కదా!

2021 నవంబరు నుండి, చూచిన మొత్తము గంటలను వారము వారము ప్రకటింపసాగిరి. ఇందులో మరియొక వంకర కలదు: పది గంటల ధారావాహికకును గంటన్నర చిత్రమునకును గంటలలో పోటీ పెట్టినచో నిడివి గలదానికే మొగ్గు. 2023 జూనులో గంటలను నిడివిచే భాగించి, ఆ ఫలమును వీక్షణము అన్నారు. ఇది కొంత న్యాయమే. కాని సగములో విసిగి మానిన ఇద్దరు, ఈ లెక్కలో, తుదివరకు చూచిన ఒక్కనితో సమానము.

2021లో వచ్చిన కొరియా ధారావాహిక 'స్క్విడ్ గేమ్'ను చూడుడు. మొదటి నాలుగు వారములలో, రెండు నిమిషముల కొలతతో 14 కోట్ల 20 లక్షల గృహములు. గంటల కొలతతో 165 కోట్ల గంటలు. నిడివి 8 గంటల 19 నిమిషములు గనుక, భాగించినచో సుమారు 19 కోట్ల 80 లక్షల వీక్షణములు. గృహములకంటె వీక్షణములే ఎక్కువ! ఒకే ఇంట తల్లి యొకసారి, కొడుకొకసారి చూచియుందురు. మూడంకెలును నిజమే.

మన 'ఆర్ ఆర్ ఆర్' సంగతియు వినదగినది. 2022 మే 20 నుండి దాని హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లోను, తెలుగు ప్రతి జీ5లోను లభించినవి. నెట్‌ఫ్లిక్స్ వారపు పట్టికలో, ఆంగ్లేతర చిత్రముల వరుసలో అది పలువారములు నిలిచినది. ఆ గంటలన్నియు హిందీ ప్రతివి. తెలుగుచిత్రమును తెలుగులో చూచిన ఇల్లు ఆ పట్టికలో ఒక్కటియు లేదు.

ఇదంతయు అంకెల వినోదమనుకొనరాదు. కొందరికి ఇది కూటి ప్రశ్న. టెలివిజనులో తన రచన పునఃప్రసారమైనప్పుడెల్ల రచయితకు కొంత పైకము ముట్టుట అమెరికాలో పాత ఆచారము. స్ట్రీమింగులో చిత్రము ఎల్లవేళల అక్కడనే యుండును. కోటిమంది చూచినను, వేయిమంది చూచినను రచయితకు అప్పుడు ముట్టెడిది ఒక్కటే. ఎందరు చూచిరో తెలియనిదే బేరమాడుట ఎట్లు? 2023 మే 2న అమెరికా రచయితల సంఘము ఆరంభించిన సమ్మె 148 దినములు సాగినది. కుదిరిన ఒప్పందము ననుసరించి, భారీ వ్యయముతో స్ట్రీమింగునకై నిర్మించిన కృతి తొలి 90 దినములలో పొందిన వీక్షణములు స్వదేశ చందాదారుల సంఖ్యలో 20 శాతమునకు చేరినచో, రచయితకు అదనపు పారితోషికము లభించును. ఇక్కడను వీక్షణమనగా గంటలను నిడివిచే భాగించిన ఫలమే. సంస్థలు తాము నిర్మించిన అట్టి కృతులకు వచ్చిన గంటల మొత్తమును సంఘమునకు తెలుపవలెను; కాని గోప్యముగా నుంచు షరతుపై. సభ్యులకు సంఘము చెప్పదగినవి అన్నిటిని కలిపి కూడిన అంకెలు మాత్రమే.